గోడ కింద పసుపు పూలు

మార్చి 12, 1978, ఆదివారం

ఈ రోజు నుంచి ఈ పుస్తకంలో రాస్తాను. సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నవాడికి పొద్దు పోవాలి కదా. ఇరవై ఎనిమిదేళ్లు నయాపూల్ కచేరీలో ఊళ్లోవాళ్ల సాక్ష్యాలకు నకళ్లు రాసిన చెయ్యి ఇది. ఎవడు ఏ తారీఖున ఏమన్నాడో పొల్లు పోకుండా రాయడం నాకు వచ్చినట్టు ఈ గౌలిపురలో ఇంకెవడికీ రాదు. అలాంటి సోమశేఖర్ నెత్తిన, నా కింద ఎనిమిదేళ్లు కాగితాలు మోసినవాణ్ణి తెచ్చి సూపరింటెండెంటుగా కూర్చోబెట్టారు. వాడికి వాక్యం ఎక్కడ ముగించాలో తెలియదు. వాడికి నమస్తే పెట్టడం కంటే ఆరు నెలలు ఇంట్లో పడి ఉండటం నయం.

ఆ సంగతి ఇక రాయను.

జహనుమాలో ఉండే సాయిలు రెండు గోనెసంచుల నిండా తీగలు తెచ్చి ఇచ్చాడు. ఏదో పెద్ద బంగళాలో మాలీ వాడు. తీగ పేరు వెడీలియా అట. నేల మీద పాకుతూ పోతుంది, కణుపు కణుపుకూ వేరు దింపుతుంది, చిన్న చామంతి లాంటి పసుపు పువ్వు పూస్తుంది. మా గోడ అవతల, సందు వైపు, నాలుగడుగుల నేల ఉంది. అక్కడ నాటుతాను. అప్పుడు చూస్తాను ఆ పిడకల ముసల్ది ఎక్కడ నిలబడుతుందో.

సాయిలు వెళ్తూ వెళ్తూ మేకల గురించి ఏదో మొదలుపెట్టాడు. "గీ ఆకు ఉన్నది సూడు సార్, మా బంగళాల మేకలు..." అన్నాడు. చాలు, నాకు తెలుసు అన్నాను. మాలీ దగ్గర పాఠం వినే ఖర్మ నాకింకా పట్టలేదు.

మార్చి 14

నాటాను. సుశీల గడపలో నిలబడి చూసి, "కొత్తిమీర పెడితే కూరకైన పనికొస్తది" అంది. ఇరవై ఆరేళ్లు నాతో కాపురం చేసింది. ఇంకా కొత్తిమీర దగ్గరే ఉంది.

మార్చి 22

బతికాయి.

ఏప్రిల్ 9, ఆదివారం

గోడ పొడుగునా పచ్చగా పరుచుకుంది. పొద్దున్నే, పక్క పాలవాళ్ల కొట్టంలో పేడ ఎత్తే కాశమ్మ గంప దించుకుని, సరిగ్గా లేత తీగల మీద కాలు పెట్టి నిలబడింది. నలభై ఏళ్లుగా నా గోడ మీద పిడకలు కొడుతోంది. మా నాన్న ఉన్నప్పుడు ఊరుకున్నాడని ఇదేదో తన జాగీరనుకుంటోంది.

"కాలు తీయ్" అన్నాను.

"ఏంది బిడ్డా ఇది, గడ్డేనా?"

"గడ్డి కాదు. పూల మొక్క. ఇంక ఈ గోడ మీద పిడకలు కొట్టొద్దు."

"మరి ఏడ కొట్టాలె? ఎండ ఈడనే పడ్తది కదా."

"కొట్టం గోడకు కొట్టుకో."

"ఆడ నీడ. పిడకలు ఎండయి, శేఖరం."

నన్ను శేఖరం అంటుంది. నేను నిక్కరు వేసుకుని తిరిగినప్పటి పేరు. పేడకంపు ముసల్దానికి నా వయసు యాభై మూడని ఎవరు చెప్పాలి? గంప ఎత్తుకుని పోయింది. నేనే గెలిచాను.

ఏప్రిల్ 23

మొదటి పువ్వు. ఈ బస్తీలో పువ్వంటే దేవుడి నెత్తిన పెట్టేది, లేకపోతే జడలో పెట్టేది. ఊరికే చూడటానికి కూడా ఒక పువ్వుంటుందని వీళ్లకు తెలియదు. పాలు పోయడానికి వచ్చిన మొగులయ్య పది నిమిషాలు నోరు తెరుచుకుని చూసి, "సారూ, దీనికి కాయ ఏం కాస్తది?" అని అడిగాడు. పాలల్లో నీళ్లు కలపడం తప్ప ఇంకో విద్య రాని మనిషి. 

మే 21

కచేరీ నుంచి ఎవరూ రాలేదు. రావాలని నేనూ అనుకోలేదు.

జూన్ 11, ఆదివారం

వాన లేదు. పచ్చిగడ్డి మోపు దొరకడం లేదని సందంతా ఒకటే లొల్లి. మొగులయ్య భార్య రుక్మాబాయి మధ్యాహ్నం వచ్చింది. ఆమె పెద్ద బర్రె ఏడో నెల సూడితో ఉంది. పోయిన ఏడాది చిన్న బర్రె దూడ దక్కలేదు కాబట్టి ఇంటిల్లిపాదీ దీని మీదే ప్రాణాలు పెట్టుకున్నారు. దూడ క్షేమంగా పడితే బోనం ఎత్తుతానని మొక్కింది కూడా.

"సారూ, నువ్వు గోడకింద కత్తిరించి పారేస్తున్నవు కదా ఆ తీగ, బర్రెకు ఏస్తె మంచిదేనా?"

"మంచిదే."

"ఖరాబు కాదు కదా?"

"గుంటగలగర తెలుసా నీకు? దాని జాతే ఇది. మందు మొక్క."

"పొద్దుగాల ఒక పిడికెడు ఏసిన. వాసన చూసి మొఖం తిప్పుకున్నది."

అప్పటికి కాశమ్మ కూడా వెనకాల వచ్చి నిలబడింది. "మేకలు సుత ముడ్తలెవ్వు బిడ్డా" అంది. "సందుల అన్ని మేకలు తిరుగుతయి, గోడకున్న సున్నం నాకుతయి, కాయితాలు తింటయి. దీన్ని మాత్రం దాటిపోతున్నయి. మేక ముట్టనిది బర్రెకెందుకు?"

ముసల్ది నాకు వృక్షశాస్త్రం చెబుతోంది! గోడ పోయిన కడుపుమంట అని నాకు తెలియదా? నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వాను. రుక్మాబాయితో, "సన్నగా తరిగి కుడితిలో వేసి ఉడకబెట్టు. తవుడు, చెక్క కలుపు. వాసన పోతుంది, తాగేస్తుంది" అన్నాను. అంత చిన్న సంగతి, బర్రెల మధ్య పుట్టి పెరిగిన మనిషికి తోచలేదు. ఆమె తెలివి, ఆ బర్రె తెలివి ఒకే కొలత.

ఇంకో రెండుసార్లు అడిగింది, మంచిదేనా సారూ, మంచిదేనా సారూ అని. చదివినవాడు చెప్పాక మళ్లీ అడగడమెందుకు?

జూన్ 13

తాగుతోంది అట. నేను చెప్పలేదూ!

జూన్ 25, ఆదివారం

రోజూ గంపెడు కోసుకుపోతోంది. కోసినకొద్దీ మొక్క ఇంకా దట్టంగా వస్తోంది. వాళ్లకు మేత, నాకు కత్తిరింపు శ్రమ తప్పింది. ఒక చదువుకున్నవాడు సందులో ఉంటే ఎన్ని ఇళ్లు బాగుపడతాయో చూడు. చిన్న బర్రె కూడా కట్టింది, దానికీ ముందు ముందు ఇదే పెడతానంది.

కాశమ్మ పిడకలు నీడకు ఎండక కొట్టం గోడ నుంచి ఊడి పడుతున్నాయని సుశీల చెప్పింది. పడనీ.

జూలై 11, మంగళవారం

పెద్ద బర్రె ఈసుకపోయింది. ఎనిమిదో నెల. దూడ చచ్చి పడింది. రుక్మాబాయి ఏడుపు ఇక్కడికి వినబడుతోంది.

పశువులకు ఇవన్నీ మామూలే.

జూలై 12

దూడ పడే ముందురోజు కాశమ్మ ఆ బర్రె కడుపు నిమిరిందట. "ఆడపెయ్య పడ్తది" అందట. పిల్లాజెల్లా లేని మనిషి, మొగుడు పోయిన మనిషి, చెయ్యి పెట్టి నోటితో అనేసరికి దిష్టి తగిలిందట. సందంతా అదే మాట. మొగులయ్య కొట్టం ముందర నిలబడి, "నలభయ్యేండ్లు అన్నం పెట్టినం, మా కడుపే కొట్టినవ్ కదనే" అని అరుస్తున్నాడు. ముసల్ది పేడ గంప పక్కన కూర్చుని ఉంది. నేను కిటికీలోంచి చూశాను.

ఆమె ఒకసారి తల ఎత్తి మా కిటికీ వైపు చూసింది. ఎండ ఎక్కడిదాకా వచ్చిందో చూసి ఉంటుంది.

దిష్టి అట. ఈ రోజుల్లో దిష్టి! వీళ్లతో మాట్లాడటం కూడా దండగ. అందుకే బయటికి వెళ్లలేదు.

జూలై 14

పశువుల డాక్టరు వచ్చి చూశాడు. ఎన్నో కారణాలుంటాయి, దెబ్బ తగిలుండొచ్చు, రోగం కావచ్చు అన్నాడట. నేను చెప్పేదీ అదే. ఎన్నో కారణాలుంటాయి.

జూలై 15

ఎన్నో కారణాలుంటాయి.

జూలై 30, ఆదివారం

బోనాలు. రుక్మాబాయి బోనం ఎత్తలేదు. కాశమ్మను కొట్టంలోకి రానివ్వడం లేదు. పేడ ముట్టనివ్వడం లేదు. కొట్టం మూలనున్న ఆమె రేకుల పాకలోంచి డప్పుల చప్పుడుకు ఒకసారి బయటికి వచ్చింది. సందులో ఆడవాళ్లు కొంగులతో బోనాలు కప్పుకుని పక్కకు జరిగారు. మళ్లీ లోపలికి పోయింది.

సుశీల అన్నం పట్టుకెళ్లి ఇచ్చి వచ్చింది. వచ్చి నా ముందు నిలబడి, "ఆకు మీరే ఇచ్చిండ్రు" అంది.

"అయితే?"

"ఏం లేదు. ఇచ్చిండ్రు అంటున్న."

ఆరో తరగతి చదివి నన్ను విచారణ చేస్తోంది.

ఆగస్టు 6, ఆదివారం

జహనుమా వెళ్లాను. ఊరికే, కాళ్లు సాగడానికి. సాయిలు ఇంటి ముందే కనబడ్డాడు. తీగ ఎట్లుంది సార్ అన్నాడు. బాగుంది, మా పక్కవాళ్లు బర్రెకు కూడా వేస్తున్నారు అన్నాను. మామూలుగానే అన్నాను.

వాడి మొహం మారింది. "బర్రెకా? అయ్యో సార్, సూడిదానికి పెట్టలేదు కదా? మా బంగళాల రెండు మేకలకు ఎవడో కోసి తవుడుల కలిపి పెట్టిండు. రెండూ ఈసుకపోయినయ్. అప్పటిసంది దానిచుట్టూ తడక కట్టిచ్చినం. గా దినం మీకు చెప్పబోయిన. మీరు చాలన్నరు."

బస్సు ఎక్కకుండా నడిచే వచ్చాను.

ఆగస్టు 7

రాయడానికి ఏమీ లేదు.

ఆగస్టు 9, బుధవారం

మొత్తం పీకేశాను. గునపంతో రెండడుగుల లోతు తవ్వాను. నాలుగు గోనెలు అయింది, నాలాలో పారేశాను. పూలు చూడబుద్ధి కావడం లేదని సుశీలతో చెప్పాను.  ఈమె నోరు మూసుకుని ఉంటే ఇంకా చిరాకు.

ఆగస్టు 13

రుక్మాబాయి గంప పట్టుకుని వచ్చింది. "చిన్నది నాలుగో నెల సారూ, జర ఆకు ఇస్తవా?" తవ్విన నేల చూసి ఆగిపోయింది. "పురుగు పట్టింది, పీకేశాను" అన్నాను. "అయ్యో, ఎంత మంచి ఆకు! పెద్దదానికి కూడా దిష్టి తగలకపోయి ఉంటే ఎంత బలముండేది" అంది. నా చెట్టు పోయినందుకు నన్ను ఓదార్చింది!

మూర్ఖురాలు. ఒక్క మాట గట్టిగా అడిగినా చెప్పేవాణ్ణి.

ఆగస్టు 20, ఆదివారం

తవ్విన చోట ఏడు మొలకలు. తెగిన ప్రతి ముక్కా మొలిచింది. పీకాను.

చవితి లోపల కాశమ్మ పాక ఖాళీ చేయాలని తేల్చారట. చిన్న బర్రె ఈనే లోపు ఆ కన్ను కొట్టంలో ఉండకూడదట. వచ్చే ఆదివారం పెద్దమనిషి బసవయ్య వచ్చి పదిమంది ముందు మాట చెప్తాడు. ఎక్కడికి పోతుంది? ఎవరున్నారు? సుశీల అడిగింది. నన్నెందుకు అడగడం?

ఆగస్టు 24

చెప్తే నష్టమేముంది అని ఆలోచించాను. ఇరవై ఎనిమిదేళ్లలో నాకు తప్పు నకలు ఒక్కటీ లేదు. ఈ సందులో వినాయకుడి పందిరికి పేరు పెట్టాలన్నా, పిల్లాణ్ణి బడిలో వేయాలన్నా నా గడపకే వస్తారు. వాళ్లు తెలివితక్కువవాళ్లు కాబట్టే నేను తెలివైనవాణ్ణి అని ఇవాళ మొదటిసారి తోచింది. వెంటనే కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

ఆగస్టు 27, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదిగంటలకు కొట్టం ముందు మంచాలు వేశారు. బసవయ్య, ఇంకో పదిపదిహేనుమంది. కాశమ్మ దూరంగా నేల మీద కూర్చుంది, పక్కన బట్టల మూట. అంటే ముందే కట్టుకుని వచ్చింది. బసవయ్య గొంతు సవరించుకునే లోపు నేను లేచాను.

"ఆమె తప్పు లేదు. బర్రె నా ఆకు వల్ల ఈసుకపోయింది. కుడితిలో కలిపి పెట్టమని చెప్పింది నేనే" అన్నాను.

 మొగులయ్య లేచి వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు. "సారూ, నీది పెద్ద మనసు. ముసల్దాని మీద పాపమని నిందంత నీ నెత్తినేసుకుంటున్నవ్."

"కాదు మొగులయ్యా, నిజంగానే."

"ఇంత చదివినోడివి, నువ్వు తప్పు చెప్తవా?" అన్నాడు బసవయ్య. అందరూ తలలూపారు. "కూసో సారూ" అన్నాడు మొగులయ్య. "నీ దయ నీకున్నది, మా బర్రె మాకున్నది."

ఏం చెప్పినా అంతే. సాయిలు మేకల సంగతి చెప్పాను. గది మేకల ముచ్చట, ఇది బర్రె కదా అన్నారు. ఎంత చెప్తే అంత మంచివాణ్ణి అయిపోతున్నాను. కాశమ్మ మూట ముడి మళ్లీ గట్టిగా బిగించుకుంటోంది. 

ఇంటికి వచ్చి ఈ పుస్తకం తీసుకుని వెళ్లాను. తారీఖు వేసి రాసిన కాగితానికి ఉండే విలువ నోటిమాటకు ఉండదు, అది నాకు తెలుసు. జూన్ 11 నాటిది ఒక్కటి చదివితే సరిపోతుందనుకున్నాను, అందులోనూ తిట్లు వదిలేసి. మొదటి తిట్టు దగ్గర వాక్యం దాటేయబోయి ఆగాను. మధ్యలో వదిలేసిన నకలు చెల్లదు. ఈ మాట నయాపూల్‌లో ఎందరిని నిలబెట్టి చెప్పానో. మొదటి పేజీకి తిప్పాను.

అన్నీ చదివాను. సాయిలు చెప్పబోతే నేను చాలన్నది చదివాను. పేడకంపు ముసల్ది అన్నది చదివాను. పాలల్లో నీళ్లు కలపడం తప్ప ఇంకో విద్య రాని మనిషి అన్నప్పుడు ఎవరో కిసుక్కున నవ్వారు, మొగులయ్య మొహం నల్లబడింది. రుక్మాబాయి తెలివీ బర్రె తెలివీ ఒకే కొలత అన్నది చదివాను. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. గడపలో సుశీల నిలబడి ఉంది. కొత్తిమీర సంగతి, ఆరో తరగతి సంగతి, అవీ చదివాను. కిటికీలోంచి చూశాను అన్నది చదువుతుంటే అక్షరాలు అలికినట్టయ్యాయి. ఆగాను.

"చదువు" అంది రుక్మాబాయి. "ఆపకు."

పురుగు పట్టిందన్న అబద్ధం దాకా చదివి పుస్తకం మూశాను.

రుక్మాబాయి లేచి నా ముందుకు వచ్చింది. అరుస్తుందనుకున్నాను. మెల్లగానే అంది: "మూడుసార్లు అడిగిన నిన్ను. మంచిదేనా, మంచిదేనా అని. నీకు చదువొచ్చని అడిగిన. రోజు నా చేతులతోని తరిగిన, ఉడకబెట్టిన, తాపిన. నా చేతులతోని."  చేతులు కొంగుకు తుడుచుకుంటూ కొట్టంలోకి వెళ్లిపోయింది.

ఇప్పుడు నమ్మారు. ఒక్కడూ నా వైపు చూడలేదు. బసవయ్య మంచం మీద నుంచి లేచి, కాశమ్మ మూట తనే ఎత్తి పాక గడపలో పెట్టాడు.

కాశమ్మ మాత్రం నన్ను చూస్తూనే ఉంది. "నా గురించి గింతేనా రాసింది?" అని అడిగింది.

"అంతే."

"పేడకంపు అని. గంతేనా?"

"అంతే కాశమ్మా."

"నేనింక మస్తు రాసినవనుకున్న" అంది. "కంపు ఉంటది బిడ్డా, పేడే కదా. గా కిటికీల నిలబడ్డదే నాకు మనసుల పడ్డది. నువ్వు చూస్తున్నవని నాకెరుకే. గిప్పుడొస్తడు, గిప్పుడొస్తడు అనుకున్న. పొద్దుమూకిందాక అనుకున్న."

 సిగ్గేసింది. ఇంకో మాట దొరకడం లేదు, సిగ్గే వేసింది.

ఆగస్టు 29

పాలు రాలేదు.

సెప్టెంబర్ 2

పాలు రాలేదు. సుశీల చెంబు పట్టుకుని లాల్ దర్వాజా దాకా నడిచి తెస్తోంది. నేను వెళ్తానన్నాను. "మీకు పోస్తరా?" అంది. ఆ మాట నిజమే.

సందులో నేను వస్తుంటే మాటలు ఆగిపోతున్నాయి. నన్ను ఇప్పుడు సారూ అనడం లేదు. ఏమీ అనడం లేదు.

సెప్టెంబర్ 4

కచేరీకి వెళ్లాను. సెలవు రద్దు చేసుకున్నాను. నా కింద పనిచేసినవాడికి నమస్తే పెట్టాను. లేచి నిలబడి తీసుకున్నాడు, వెధవ.

సెప్టెంబర్ 10, ఆదివారం

పొద్దున్నే గోడ అవతల చప్పుడు. టప్. టప్. మా గోడ మీదే.

బయటికి వెళ్లాను. కాశమ్మ. పక్కన నిండు గంప. నా వైపు తిరగలేదు. "ఎండ ఈడనే మంచిగ పడ్తది" అంది గోడతో.

ఆమె కాలి దగ్గర మళ్లీ మూడు మొలకలు. వంగి పీకబోతే ఆమె కాలు పక్కకు జరిపింది, అంతే. వేళ్లతో తవ్వి, వేరు ముక్క లేకుండా తీశాను. సందులో మేకలు పోతున్నాయి.

ఇక ప్రతి ఆదివారం మొలకలు చూసి పీకాలి. చిన్న బర్రెకు ఇప్పుడు ఐదో నెల.

సాయంత్రం చూస్తే గోడ నిండా పిడకలు. వరుస వంకర, ఒక్కటీ గుండ్రంగా లేదు. చెప్పబోయి, ఊరుకున్నాను.